సుభద్రమ్మ చేను కిందికి వెళ్ళిన రంధ్రం

గరివిడి దగ్గర మాంగనీసు కోసం కోర్ డ్రిల్లింగ్, అంటే లోపలి రాయిని కడ్డీలా పైకి తీసే తవ్వకం, జరుగుతున్న చోటికి నన్ను నిపుణుడిగా పంపారు. నేను నిపుణుడినని అందరికన్నా ముందు నమ్మింది నేనే. విశాఖలో శిక్షణ ముగిశాక ఇచ్చిన టోపీ కూడా పెట్టుకుని, వీపున పరికరాల సంచి తగిలించుకుని దిగాను.

భూమిలోకి వేసే రంధ్రం లోతుకు పోయేకొద్దీ పక్కకు ఒరుగుతుంది. ఎటు ఒరిగిందో తెలియకపోతే పైకి తీసిన రాయి ఎక్కడిదో తెలియదు. అందుకని మూరెడు గొట్టంలాంటి పరికరాన్ని ఉక్కుతాడుతో లోపలికి దించుతాం. అది కొలతలు దాచుకుని, పైకి వచ్చాక వైరు లేకుండా ట్యాబ్‌కి పంపుతుంది. "రాయిలోంచి సిగ్నల్ రాదు. పైకి తీసేదాకా ఆగాల్సిందే" అని పొద్దున్నే అందరికీ పాఠం చెప్పాను.

పరికరం కిందికి దిగిందో లేదో, ట్యాబ్‌లో అంకెలు కదలడం మొదలైంది. నా పాఠం నాకే గుర్తు రాలేదు.

"ఝాన్సీగారూ, ఇక ఒక్క అడుగు లోతు కూడా తవ్వొద్దు. రంధ్రం తూర్పు చేను కిందికి వెళ్ళిపోయింది!" అని సైట్ ఇన్‌ఛార్జికి గట్టిగా చెప్పాను.

గట్టు మీద కూర్చున్న ఆ చేను యజమానురాలు సుభద్రమ్మ లేచి వచ్చింది. "ఏటి బావూ, నా గోగుసేను కిందకి కన్నం ఎట్టీసినారా? ఎవుల్నడిగి ఎట్టినారు?"

"మేం పెట్టలేదమ్మా, అదే వంగింది" అంటూ చూపించడానికి ఆవిడ వైపు తిరిగాను. రంధ్రం దక్షిణానికి తిరిగింది. ఝాన్సీ వైపు తిరిగితే ఉత్తరానికి తిరిగింది. "లోపలి పొరలు చాలా సంక్లిష్టంగా ఉన్నాయి" అని వివరించాను కూడా.

ఝాన్సీ నా వీపున ఉన్న సంచినే చూస్తోంది. "దేవేంద్రగారూ, ఓపాలి ఆ సంచి దించండి."

దించి నేల మీద పడుకోబెట్టాను. ట్యాబ్‌లో రంధ్రం కూడా పడుకుంది.

సంచిలో అలాంటిదే ఇంకో పరికరం అదనంగా పెట్టుకున్నాను, దాని స్విచ్ ఆపలేదు. ట్యాబ్ దాని సిగ్నల్‌నే అందుకుంది. ఇంతసేపూ నేను కొలిచింది నా వీపుని. నవ్వకుండా ఉండటానికి సిబ్బంది పడుతున్న అవస్థ నేను చూడలేకపోయాను.

అసలు పరికరం పైకి వచ్చాక చూస్తే, రంధ్రం కాస్త పడమటికి మాత్రమే ఒరిగింది. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని సుభద్రమ్మకు చెప్పాను. "తప్పు నాదమ్మా. మీ చేను కిందికి ఏమీ రాలేదు."

ఆవిడ ముఖం వాడిపోయింది. "అయ్యో! కన్నం మన సేనుకాసే ఎల్తన్నాది, కిందేటో ఉన్నాదని మా తమ్ముడికి ఫోన్లో సెప్పీసినాను. ఆడు ఆమదాలవలసలో రైలెక్కీసినాడు! ఆడొచ్చేక నువ్వే సెప్పుకో."

మధ్యాహ్నానికి తమ్ముడు మోహనకృష్ణ వచ్చాడు. ఏమీ దాచకుండా మొత్తం చెప్పాను. అతను నవ్వి నవ్వి గట్టు మీద కూలబడ్డాడు. సుభద్రమ్మ మాత్రం నవ్వలేదు. తమ్ముడికి తెచ్చిన అన్నంలోంచి నాకూ ఒక ముద్ద పెట్టి, "తిను బావూ. కడుపులో ఏటీ నేక అలా అయిపోనావు" అంది.

నేను కాదనలేదు. పొద్దున రెండుసార్లు టిఫిన్ తిన్న సంగతి చెప్పనూ లేదు.