గోనెపట్టల తడి

ధర్మవరంలో వరుసగా అది మూడో కరువు ఏడాది. బయటి గాలికి పెదాలు పగులుతున్నా శ్రీరంగప్ప మగ్గం గది మాత్రం ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. పొడిగాలి తగిలితే పట్టుపోగు పుటుక్కున తెగుతుంది. అందుకని ఆయన భార్య భద్రమ్మ కిటికీకి గోనెపట్టలు కట్టి పూటపూటకూ తడిపేది. ఆయన కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలో ఇసుక పోసి నీళ్లు చల్లేది. తాగడానికి తెచ్చిన బిందెలో నీళ్లయినా ముందు మగ్గానికే.

"ఏమక్కా, మీ ఇంట్లో ఊటీ ఉండాది, టిక్కెట్టు పెట్టు" అని పక్కింటి తిప్పమ్మ ఎగతాళి చేస్తే భద్రమ్మ మురిసిపోయేది.

గుంత వెనక గోడకు నల్లటి బూజు పట్టింది. భద్రమ్మ సున్నం కొట్టింది. పదిహేను రోజుల్లో బూజు సున్నం మీదికే వచ్చింది. అప్పటికే శ్రీరంగప్పకు ఆయాసం. నేస్తూ నేస్తూ ఆగిపోయి, రొమ్ములో పిల్లికూతలతో ముందుకు వంగిపోయేవాడు.

ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ మగ్గం గది సంగతంతా అడిగి తెలుసుకుంది.

"ఆ బూజే గాలిలో కలిసి లోపలికి పోతోంది. ఎన్ని మందులు మింగినా లాభం లేదు. కిటికీ తెరిచి గది ఆరనీయండి."

తాను పోసిన నీళ్లేనా! భద్రమ్మ ఇంటికి రాగానే గోనెపట్టలు ఊడబీకి ఎండలో పారేసింది. నాలుగు రోజులు ఆయన్ను మగ్గంలోకి దిగనీయలేదు. ఐదో రోజు ఆయన పిల్లికూతలు లేకుండా సంగటి తిన్నాడు. తిని, గుంతలోకి దిగాడు.

జానెడు నేసేలోపల పడుగు పోగు ఏడు చోట్ల తెగింది.

"పట్టలు కట్టేయే."

"నేను కట్టను. డాక్టరమ్మ ఏం చెప్పినాది?"

"ఆయమ్మకేం, మగ్గం ఉండాదా? ఇది పెండ్లిచీర. వచ్చే వారం ఆ పిల్ల ఏం కట్టుకోవల్ల?"

"ఇది ఇడిసిపెట్టి కూలికి పోదాం రాయ్యా."

"యాడికి పోతావు? చేన్లన్నీ ఎండిపోయి ఉండాయి. నాకు ఇంగేం పని వచ్చు?"

ఇంకో పోగు తెగింది. కళ్లు చికిలించి ఆయన దాన్ని అతుకుతున్నాడు. రెండుసార్లు జారిపోయింది.

భద్రమ్మ బయటికి పోయి, కరకరలాడుతున్న పట్టలు తెచ్చి నీళ్లలో ముంచి కిటికీకి కట్టింది. గది మెల్లగా చల్లబడింది.

"గుంతలో గూడా ఇంగో చెంబు పొయ్" అన్నాడు.

పోసింది. గోడవైపు చూడకుండా కూర్చుని పట్టుపోగు కండెలకు చుట్టసాగింది. చీకటి పడకముందే పిల్లికూతలు మొదలయ్యాయి.