ప్రకటనల్లో పోయిన ఐదేళ్ళు

"మహారాణిగారూ, కాసిన్ని మంచినీళ్ళు!" ముందుగదిలోంచి భర్త కేకేశాడు. టీవీలో రాణికి పురిటి నొప్పులు వస్తున్నాయి. వంటింట్లో ఆమె పాపను చంకనేసుకుని, రెండో చేత్తో కూర కలుపుతూ ఆ నొప్పులు వింటోంది.

ఆ ఇంట్లో రాజుల సీరియల్ అందరూ చూస్తారు, ఆమె ఒక్కతే వింటుంది. సరిగ్గా అది మొదలయ్యే వేళకే అందరికీ ఆకలేస్తుంది మరి. డెక్కల చప్పుడునీ గాజుల గలగలనీ బట్టి ఎవరొచ్చారో, ఎవరు పోయారో పోల్చుకుంటుంది. "మా ఆవిడకి టీవీ దండగరా, రేడియో చాలు" అని భర్త స్నేహితుల దగ్గర జోకు వేస్తే ఆమె కూడా నవ్వేది. కనిపించనిదంతా ఆమెకు పుస్తకంలో దొరుకుతోందని వాళ్ళకేం తెలుసు?

ఆ సీరియల్‌కు మూలమైన నవల వీధి చివరి లైబ్రరీలో ఉందని తెలిసి, భర్త చేత మొదటి భాగం తెప్పించుకుంది. కాలేజీ గడప తొక్కకముందే చదువు ఆగిపోయిన మనిషి. అంత లావు పుస్తకం చూస్తే ముందు గుండె జారింది. చరిత్రంటే బడిలో బట్టీ పట్టిన యుద్ధాలే అనుకుంది. తీరా చూస్తే, ఇందులో యుద్ధానికి బయల్దేరిన రాజుకు చెప్పు కరుస్తుంది, సేనాపతికి వేళకాని వేళ తుమ్ములొస్తాయి. పాపకు పాలిస్తూనే చదివేది, కాగితం చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడకుండా బొటనవేలితో పేజీ మెల్లగా జరుపుకుంటూ. అలా చదువుతుండగా ఒకచోట రాణి ఊరికే లేచి వెళ్ళి, ఉయ్యాల్లో బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటుంది. చుట్టూ అంతమంది దాసీలుండీ, ఒక్కరితోనూ చెప్పుకోలేక, తడవతడవకీ లేస్తుంది. అది చదివి ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. తనూ అంతే. "ఊపిరి తీసుకోవడం ఎవరైనా మర్చిపోతారా? పిచ్చి గానీ పట్టిందా నీకు?" అని భర్త అన్నప్పటినుంచీ, నిజంగానే పట్టిందేమోనని లోలోపల బెదిరిపోతోంది. పాప పుట్టాక ఒక్కసారీ దాన్ని విడిచి గుమ్మం దాటలేదు. అలాంటిది, ఎప్పటిదో ఒక రాణి తనకు తోడుగా కూర్చున్నట్టయింది.

ఆ తోడు కాస్తా రేపటితో పోతుంది. పొద్దున ఆమె చదువుతుండగా పాలు పొంగిపోయాయి. "కథ టీవీలో వస్తూనే ఉంది కదా, మళ్ళీ ఈ పుస్తకం ఎందుకు? రేపు ఆఫీసుకెళ్తూ ఇచ్చేస్తాను" అని భర్త దాన్ని సంచిలో పడేసుకున్నాడు. ఆమె పొయ్యి తుడవడం ఆపి ఆ సంచికేసి చూసింది.

ఇప్పుడు మంచినీళ్ళు తెచ్చి, వెనక్కి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడింది. కనీసం టీవీలోనైనా రాణి బిడ్డ ముక్కు కింద పెట్టే ఆ వేలు చూడాలి. రాణి ఒంటినిండా నగలతో, చెదరని జడతో ప్రసవించింది.

"పురిట్లో వడ్డాణమేమిటే దానికి!" అంది టీవీ ముందు కూర్చున్న అత్తగారు.

ప్రకటనలు మొదలయ్యాయి. సబ్బు, గోడలకు రంగు, కుక్కరు. అవి కాగానే గుర్రం సకిలించింది. రాకుమారుడు బుల్లి కత్తి తిప్పుకుంటూ వచ్చాడు. ఐదేళ్ళవాడు.

"అదేమిటి! మధ్యలో ఐదేళ్ళు ఏమైపోయాయి?" అంది ఆమె, పైకే.

"ఏమవుతాయి? పిల్లాడు పెరిగాడు" అన్నాడు భర్త.

"ఎవరు పెంచారు?"

"ఎవరో పెంచుంటారులే. అదంతా చూపిస్తే ఎవరు చూస్తారు?"

అత్తగారు కోడలి మొహంకేసి చూసి, టీవీ గొంతు తగ్గించింది.

"పుస్తకంలో ఉన్నాయటే అమ్మాయ్, ఆ ఐదేళ్ళూ?"

"ఉన్నాయత్తయ్యా. చాలా పేజీలున్నాయి."

"అయితే చదువు. నాకు అక్షరాలు ఆనవు."

"అమ్మా, సీరియల్!"

"నీ కత్తులు ఎక్కడికీ పోవులేరా!"

ఆమె భర్త సంచిలోంచి పుస్తకం తీసి, పాపను ఒళ్ళో వేసుకుని నేలమీద కూర్చుంది. బళ్ళో లేచి నిలబడి పాఠం చదివినప్పటిలా మొదట తడబడింది. పోనుపోను గొంతు కుదురుకుంది. రాణి ఉయ్యాల దగ్గరికి వెళ్ళే చోటు వచ్చేసరికి అత్తగారు చెయ్యెత్తి ఆపింది.

"వీడికీ అలాగే చూసేదాన్ని" అంది కొడుకును చూపిస్తూ. "మీ మావయ్య నవ్వుతారని, దుప్పటి సర్దుతున్నట్టు నటించేదాన్ని."

"నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నాడు అతను.

"నువ్వు ఊపిరి తీసుకుంటూనే ఉన్నావు కదరా, ఇంకేం చెప్పను?"

ఎవరూ నవ్వలేదు. టీవీలో రాజు ఎవరిమీదో నోరు తెరిచి అరుస్తున్నాడు, మాట వినపడటం లేదు. వంటింట్లోంచి కూర మాడిన వాసన వచ్చింది. ఆమె లేవబోతుంటే భర్తే గబగబా వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చాడు.

"పోనీ, పుస్తకం ఇంకో వారం ఉంచుకుంటామని అడగనా?" అన్నాడు నెమ్మదిగా.

"వద్దు, రేపటికి ఇది చదవడం అయిపోతుంది. సాయంత్రం మీరొచ్చాక నేనే వెళ్ళి ఇచ్చేస్తాను. రెండో భాగం తీసుకుని, కాసేపు అక్కడే కూర్చుని చదువుకుని వస్తాను. పాప మీ దగ్గరుంటుంది."

అనేశాక పాపను ఇంకాస్త దగ్గరికి పొదువుకుంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"నా దగ్గరా? ఏడిస్తే?"

అతని గొంతులోని ఆ బెదురును ఆమె ఇట్టే గుర్తుపట్టింది. పెళ్ళయ్యాక మొదటిసారి, అతను తన ఈడువాడిలా కనిపించాడు.

"ఏడుస్తుంది. ఎత్తుకోండి."

"అప్పటికీ మానకపోతే?"

ఆమె పాపను తీసి, మెడ కింద చెయ్యి సరిచేసి, అతని చేతుల్లో పెట్టింది.

"అప్పుడేం చెయ్యాలో నాకూ తెలీదండీ. రోజూ అక్కడినుంచే మొదలెడుతున్నాను."