పెరిగే పిల్లకు మూడు టిక్కులు

పై తరగతిలో అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్ తీసుకున్న పిల్ల ఒకతె, ఇంట్లో గిన్నె కిందపడితే ఎత్తకుండా, అదెంత వేగంతో పడిందో లెక్క వేస్తూ కూర్చుందట. పక్కింటి అక్కయ్యకు ఈ సంగతి లాండ్రీ ఆవిడ చెప్పిందట. లాండ్రీ ఆవిడకు ఎవరు చెప్పారో దేవుడికెరుక. అక్కయ్య మాత్రం పక్కనే నిలబడి చూసినట్టు దర్జీకి చెప్పి, "బయాలజీ పెట్టించు తమ్ముడూ, చల్లగా ఉంటుంది" అని, బిగించమని ఇచ్చిన కోటు చంకన పెట్టుకుని చక్కా పోయింది.

దర్జీ గుండెలో రాయి పడింది. కూతురు సబ్జెక్టులు ఎంచుకోవాల్సిన బడి ఫారం కుట్టు మిషన్ మీదే ఉంది. "సంతకం పెట్టి ఉంచు నాన్నా, మిగతాది నేను నింపుకుంటా" అని చెప్పి మరీ పడుకుంది పిల్ల. కానీ వారం నుంచీ ఒకటే సలహాలాయె. గుండీల కొట్టాయన కెమిస్ట్రీ అన్నాడు. బావమరిది ఫోన్లో ఫిజిక్స్ అన్నాడు. ఎందుకురా అని అడిగేలోగా లైను కట్టయింది.

పిల్లల బట్టలకు కుట్టు లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదలడం దర్జీ అలవాటు. ఎక్కువైతే లోపలికి మడవొచ్చు, తక్కువైతే ఎక్కణ్ణించి తెస్తాం? ఆ లెక్కనే మూడింటికీ టిక్కు కొట్టాడు. పొద్దున్నే తనే వెళ్లి బడి గుమాస్తా చేతిలో పెట్టి, ఈల వేసుకుంటూ కొట్టు తెరిచాడు.

పదకొండింటికి కూతురు రొప్పుతూ ఊడిపడింది.

"మూడు కొట్టావేంటి నాన్నా! రెండే కొట్టమని పైన అంతంత అక్షరాల్లో ఉంటే!"

"పెరిగే పిల్లవి కదమ్మా అని..."

"ఫారం చెల్లదట! మధ్యాహ్నం ఒంటిగంటలోపు దిద్దకపోతే నా ఫిజిక్స్ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారట!"

మెడలో టేపు, కాలర్లో సూది అలాగే ఉండగా పరిగెత్తాడు దర్జీ. గుమాస్తా ఫారం ముందుకు తోశాడు. "ఒకటి కొట్టేసి, పక్కన సంతకం పెట్టండి."

ఎంత ఖరీదైన గుడ్డనైనా చటుక్కున కత్తిరించే దర్జీ, కలం పట్టుకుని మూడు టిక్కుల మీదా తిప్పాడు. బయాలజీ దగ్గర కలం ఆగితే అక్కయ్య గుర్తొచ్చింది. కెమిస్ట్రీ దగ్గర గుండీల కొట్టాయన. ఫిజిక్స్ దగ్గరికి రాగానే అక్కయ్య చెప్పిన గిన్నె చెవిలో ధన్‌మని పడింది. పక్కనున్న పిల్ల ఫారం మీదికి వంగింది.

"ఏది తీసేద్దామంటారు సార్?" అన్నాడు గుమాస్తాతో.

"మా అబ్బాయైతేనా..." అని గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలాడు.

పిల్ల కలం లాక్కుని బయాలజీని ఒక్క గీతతో కొట్టేసి, తిరిగి తండ్రి వేళ్ల మధ్య పెట్టింది.

"మరి పక్కింటి అత్తయ్య ఏమంటుందో..." నసిగాడు దర్జీ.

"కొలత తీయకుండా దిండు గలీబైనా కుట్టవు కదా నాన్నా! వారం నుంచీ కనబడ్డవాళ్లందర్నీ అడిగావు. నన్నొక్కసారైనా అడిగావా?"