కాడి లేచిన చోట

దేవిదాస్ పెన్సిల్‌కు ఎప్పుడూ ఒక దారం కట్టి ఉండేది. ఆ దారం రెండో కొస అతని చొక్కా గుండీకి. పెళ్ళయిన కొత్తలో అతని భార్య ప్రేమలకు అన్నిటికంటే నచ్చింది అదే.

"గిదేంది, పెన్సిల్‌ను లేగదూడ లెక్క కట్టేసిన్రు?" అని అడిగింది.

"గాలిల ఒక్కోసారి విమానం ధడేల్న కిందికి జారుతది. చేతిల ఉన్న పెన్సిలు పైకి లేచి యాడికో పోతది. ఇగ దేనితోని రాయాలె?" అన్నాడు.

ప్రేమల హైదరాబాదులో బి.ఏ. చదివిన పిల్ల. అంత చదువులోనూ ఇంత ముచ్చటైన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

బెంగుళూరులో, యుద్ధంలో దెబ్బతిన్న విమానాలను బాగుచేసే కార్ఖానాలో అతని కొలువు. బాగైన విమానాన్ని వెంటనే ఎవరికీ అప్పగించరు. ముందు పైలట్ దాన్ని గాలిలో తిప్పుతాడు. వెనక సీట్లో దేవిదాస్ కూర్చుని, అది ఎట్లా ఎగురుతోందో, ఎక్కడ వణుకుతోందో రాసుకుంటాడు. నట్లు బిగించే పనితో మొదలుపెట్టి ఆ వెనక సీటు దాకా పోవడానికి అతనికి యుద్ధకాలమంతా పట్టింది.

ఇప్పుడు ఆ సీటుకే ఎసరొచ్చింది. కొత్త కోడలు గడపలో అడుగుపెట్టిన రోజే సావిత్రమ్మ కొడుకుకు తేల్చి చెప్పింది.

"ఇన్నొద్దులు ఒంటిగానివి, ఎగిరినవు. ఇగ ఎగురుడు బందు. కింద నిలవడి చేసే పనుంటే పో. లేకుంటే కాలువ పారుతనే ఉంది, చెరుకు పెట్టుకో. పోయేముందు నా చేతుల చెయ్యేసి ఒట్టు పెట్టాలె."

అమ్మ చేతిలో చెయ్యి వేసి అబద్ధమాడటం దేవిదాస్ వల్ల కాదు. సెలవు కరిగిపోతోంది. అతను పెన్సిల్ దారాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఇల్లంతా తిరుగుతున్నాడు. ప్రేమలకు కూడా లోపల కొంచెం భయమే. కానీ ఆ దారం లేకుండా ఈ మనిషి ఎట్లా ఉంటాడో ఆమె ఊహకు రాలేదు.

ఆ మధ్యలోనే కొత్త జంట వర్ని ఊరి దిక్కున్న మేనమామ ఇంటికి విందుకు పోవలసి వచ్చింది. లోక్యా బండి కట్టాడు. తండా నుంచి వచ్చి ఆ ఇంటి ఎడ్లను ఏళ్ళ తరబడి చూసుకుంటున్నది అతనే. బండిలో బియ్యం బస్తాలు, బెల్లం బుట్ట, సకినాల గంప, నడుమ సావిత్రమ్మ. కొత్త జంట మాత్రం బండి తోకన, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. అక్కడైతే గుసగుసలు అత్తకు వినపడవు మరి.

"చిన్న పటేలా, జర ముందటికి జరుగుండ్రి," అన్నాడు లోక్యా.

"ఏం గాదు, నడువు," అన్నాడు దేవిదాస్. అప్పుడతను ప్రేమల చేతి గాజుల్లో పచ్చవి ఎక్కువా, ఎర్రవి ఎక్కువా అని తేల్చే పనిలో ఉన్నాడు.

కాలువ గట్టు ఎక్కేచోట లోక్యా కిందికి దిగి, ముందు నడుస్తూ ఎడ్ల తాళ్ళు పట్టుకున్నాడు. దుమ్ము కొడుతోందని సావిత్రమ్మ కొంచెం వెనక్కి జరిగింది. అంతే. కాడి నిదానంగా పైకి లేచింది, బండి తోక నేలకు ఆనింది. బస్తాలు, బుట్ట, అత్త, అందరూ కలిసి కొత్త జంటతో సహా గడ్డిలోకి జారారు. లోక్యా కాడికి వేలాడి దాన్ని కిందికి దించాడు. మనుషులకూ ఎడ్లకూ ఏమీ కాలేదు. సకినాలు మాత్రం పొడిపొడి అయ్యాయి.

సావిత్రమ్మ చీర దులుపుకుంది. "బండిల కూసునుడు తెల్వదు, ఇమానం ఎక్కుతడట. నేను నడిచే వస్త."

ప్రేమల నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. దేవిదాస్ నవ్వలేదు. కాడినీ చక్రాన్నీ తోకనూ మార్చి మార్చి చూశాడు. అతని ముఖం మెల్లగా వెలిగింది.

"లోక్యా, ఎడ్లను ఇప్పు."

బండిని ఆ ఏటవాలులోనే నిలిపి చక్రాల వెనక రాళ్ళు పెట్టించాడు. లోక్యా కాడి మీద చేతులాన్చి నిలబడ్డాడు. దేవిదాస్ బస్తాలు ఎక్కించి ఒక్కొక్కటే వెనక్కి జరిపాడు. కాడి తేలికవుతోందని లోక్యా అనగానే ఆగి, కొంచెం ముందుకు, మళ్ళీ వెనక్కి. చివరికి "పసుపున్నదా?" అని అడిగాడు. ప్రేమల గంపలోంచి పొట్లం తీసి, అతను చూపించిన చోట బండి చెక్క మీద గీత గీసింది.

"గిదేనే అమ్మా మా పని," అన్నాడు దేవిదాస్. "ఇమానంల ఇసుక బస్తాలు పెడతం. ముందటికి జరుపుతం, ఎనకకు జరుపుతం. ఎందాక జరిపితే ముక్కు మన మాట ఇనదో చూసి గీత గీస్తం. ఇగ తర్వాత ఎక్కెటోళ్ళకు ఫికర్ లేదు."

"గీత గీసెదాక పైన ఎవరుంటరు?" అని అడిగింది సావిత్రమ్మ.

"నేనూ, పైలటూ."

ఎడ్లను మళ్ళీ కట్టారు. ఎవరినీ ఎక్కనివ్వకుండా దేవిదాస్ ఒక్కడే బస్తాలతో, సరిగ్గా గీత మీద కూర్చుని గట్టెక్కాడు. చిన్న గట్టే, పడితే గడ్డే, అయినా ప్రేమల కాడి మీంచి చూపు తిప్పలేదు. అత్త చెయ్యి తన మణికట్టును గట్టిగా పట్టుకుందని ఆమెకు తర్వాత తెలిసింది. కాడి లేవలేదు. అతను బండిని కిందికి తెచ్చి, "ఇగ ఎక్కుండ్రి" అన్నాడు.

సావిత్రమ్మ వెంటనే ఎక్కలేదు. పసుపు గీతను వేలితో తడిమింది.

"నువ్వు జూడకుంటే ఎవడో తెల్వనోడు పడ్తుండె," అంది.

దేవిదాస్ తలూపాడు. ఆమె ఎక్కి, గీతకు జానెడు ముందు సర్దుకుంది. "కోడలు పిల్లా, నువ్వు నా పక్కకు రా. వాన్ని నమ్మినగని మీ గుసగుసలను నమ్మ."

ఆ దారి పొడుగునా ఒట్టు మాట రాలేదు. విందులోనూ రాలేదు.

బెంగుళూరుకు బయలుదేరిన రోజు, బాన్సువాడలో బస్సు దగ్గర సావిత్రమ్మ కొడుకు చేతికి బియ్యం మూట ఇచ్చింది.

"ముందట పెట్టుకో, ఎనక పెట్టకు."

కోడలి అరచేతిలో కొత్త దారపు ఉండ పెట్టింది. "ఆ పాతది చుట్టిచుట్టి పీలికలు జేసిండు. గట్టిగ కట్టు బిడ్డా."

బస్సు కదలకముందే ప్రేమల రెండు ముళ్ళు వేసింది.