బ్రేకు మాస్టారి కుడికాలు

ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. డ్రైవింగ్ స్కూల్లో అందరికీ బ్రేకు మాస్టారే. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ పట్టుకుంటే ఆయన పక్క సీట్లో కూర్చుంటాడు. ఆయన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదురుగా ఏది అడ్డొచ్చినా, నేర్చుకునేవాళ్ళు కంగారుపడేలోపే ఈయన కుడికాలు దాని మీద పడుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. నోటివెంట మాత్రం "ఏం ఫర్వాలేదు, మెల్లిగా పోనివ్వండి" అని చల్లగా మాట వస్తుంది. లోపల గుండె దడదడలాడే సంగతి ఆ కాలికొక్కదానికే తెలుసు.

ఆ కాలు ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగకపోవడంతో వచ్చింది చిక్కంతా. ఇంట్లో ఉండే ఆయన అత్తగారు గ్లాసులో నీళ్ళు పోస్తుంటే, అంచు దాకా వచ్చేసరికి బల్లకింద ధన్‌మని చప్పుడు. సెలూన్లో కత్తెర చెవి దగ్గరికొస్తే బ్రేకు. సినిమాహాల్లో తెరమీద లారీ మలుపు తిరిగితే ముందు సీటాయన వీపుమీద బ్రేకు. ఆయన వెనక్కి తిరిగి చేతులు జోడించాడు. "బాబూ, లారీ అక్కడుంది. నేనిక్కడున్నాను."

మాస్టారి భార్య బ్యూటీపార్లర్ నడుపుతుంది. ఒకరోజు పొద్దున్నే పిక్క చూసుకుంటూ అంది.

"రాత్రి నిద్రలో ఎంత తన్ను తన్నారో చూడండి, కమిలిపోయింది. ఇంతకీ ఎవరడ్డొచ్చారు?"

"కుక్క."

"బతికిందా?"

"బతికింది."

"పోనీలెండి, పుణ్యం మీకు, పిక్కనొప్పి నాకు!"

డాక్టరు బీపీ చూసి, కాస్త ఎక్కువుందన్నాడు. "స్ట్రెస్సండీ. టెన్షన్ పడకండి. మరీ అనిపిస్తే కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చి వదలండి" అన్నాడు. ఆనాటినుంచి, ఎక్కడ టెన్షన్ పడుతున్నానో ఏమోనన్న టెన్షన్ కొత్తగా పట్టుకుంది మాస్టారికి. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది.

ఆయన దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఒకావిడ ఉంది. ప్రతి మలుపులోనూ "అమ్మో!" అంటుంది కాబట్టి స్కూల్లో ఆవిణ్ణి అమ్మో మేడం అంటారు. ఒకరోజు ఆవిడ బండిని పెద్ద కూడలిలోకి తిప్పింది. నాలుగువైపులా హారన్లు. మాస్టారికి డాక్టరు మాట గుర్తొచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి పీల్చాడు.

"అమ్మో! మాస్టారు పోయారు!"

ఆవిడ రెండు చేతులూ స్టీరింగ్ వదిలేసి నెత్తిన పెట్టుకుంది. బండి నింపాదిగా ఫుట్‌పాత్ ఎక్కి, ఓ పూలకుండీకి ముక్కు ఆనించి ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, కుండీతో సహా. కానీ మాస్టారు ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"నాకు భయంగా ఉంది అత్తయ్యగారూ. ఈ పని ఇక నావల్ల కాదేమో" అన్నాడు.

అత్తగారు బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. కళ్ళజోడు సవరించుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అల్లుడుగారూ, ఒకసారి లేచి నిలబడండి. భుజాలు దించండి."

"దిగే ఉన్నాయండి."

ఆవిడ రెండు చేతులతో నొక్కింది. భుజాలు బెత్తెడు కిందికి దిగాయి. మాస్టారే ఆశ్చర్యపోయాడు.

"పిల్లల్ని అదేపనిగా అటెన్షన్‌లో నిలబెడితే కళ్ళు తిరిగి పడిపోతారు. మధ్యమధ్యలో స్టాండెటీజ్ చెప్పాలి. మీకెవరూ చెప్పినట్టు లేదు."

"మరిప్పుడు మీరు చెప్పండి."

"చెబితే వినే దశ దాటిపోయారు. పదండి, ఎగ్జిబిషన్‌కి పోదాం."

మైదానంలో ఎగ్జిబిషన్ పెట్టారు. ఆవిడ తిన్నగా డ్యాషింగ్ కార్ల దగ్గరికి నడిచింది. ఒక బండిలో స్టీరింగ్ తాను పట్టుకుని అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. వెంట వచ్చిన మాస్టారి భార్య ఇంకో బండెక్కింది. గంట మోగింది.

"అత్తయ్యగారూ, మెల్లిగా! అద్దం చూసుకోండి!"

"అద్దం లేదు బాబూ."

"మరి వెనకనుంచి ఎవరొస్తున్నారో ఎలా తెలుస్తుంది?"

వెనకనుంచి ధన్!

"ఇలా తెలుస్తుంది" అంది అత్తగారు.

మాస్టారి కాలు రేకు మీద టపటపా కొట్టుకుంది. అక్కడ బ్రేకు లేదు. ఎదురుగా భార్య, జుట్టంతా రేగిపోయి, "ఏమండీ, పిక్క బాకీ తీర్చుకుంటున్నా!" అని అరుస్తూ దూసుకొస్తోంది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. ధన్! కళ్ళు తెరిచాడు. పళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. భార్య నవ్వుతోంది. మళ్ళీ ధన్! ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన గొంతులోంచి ఎక్కిళ్ళలాంటి చప్పుడు మొదలైంది. అది నవ్వని తెలియడానికి ఆయనకే కాసేపు పట్టింది.

రెండో ఆటకి స్టీరింగ్ ఆయనే లాక్కున్నాడు. "హారన్ లేదు! సిగ్నల్ లేదు! తప్పుకోండహో!" అంటూ భార్య బండిని మైదానం అదిరేలా తరిమాడు. ఆట అయిపోయిందని గంట కొట్టినా దిగలేదు. దిగమన్నా నవ్వే. చివరికి అత్తగారు రెక్క పట్టుకుని దింపింది. ముగ్గురూ గడ్డిమీద చతికిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, పొట్టలు పట్టుకుని నవ్వారు.

కాసేపటికి మాస్టారు తన కాలివంక చూసుకున్నాడు. అలసిపోయిన పసిపిల్లలా పక్కకి వాలి పడుకునుంది.

"ఊళ్ళో బండ్లన్నీ నేనొక్కణ్ణే ఆపుతున్నాననుకున్నాను అత్తయ్యగారూ."

"ఎవరి బండికి వాళ్ళ బ్రేకులు కూడా ఉంటాయి లెండి" అంది ఆవిడ.

మర్నాడు స్కూలు యజమానితో, ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య కాస్త వ్యవధి లేనిదే బండెక్కనని చెప్పేశాడు. యజమాని సణిగి, గొణిగి, ఒప్పుకున్నాడు. ఆ వ్యవధిలో మాస్టారు తనకు తానే స్టాండెటీజ్ చెప్పుకుని, రోడ్డు పక్కన నిలబడి చేతులూ కాళ్ళూ వదులుగా దులుపుకునేవాడు. చొక్కాలో కందిరీగ దూరిందేమోనని ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చారు కూడా. కాలు ఇప్పటికీ అప్పుడప్పుడూ నేలను తంతుంది. తన్నినప్పుడల్లా ఆయన భుజాలెక్కడున్నాయో తడిమి చూసుకుంటాడు.

అమ్మో మేడంతో కూడా ఉన్నమాట చెప్పేశాడు. "మీకు భయమేస్తే మీరు అమ్మో అనండి. నాకు భయమేస్తే నేనూ అంటాను. దాచుకోవడాలు వద్దు."

కూడలి వచ్చింది. ఎదురుగా బస్సు. ఇద్దరూ ఒక్కసారే "అమ్మో!" అన్నారు. మాస్టారికి నవ్వాగలేదు. ఆ నవ్వులో కాలు కదపడమే మరిచిపోయాడు. ఆవిడే, మొట్టమొదటిసారి, తన బ్రేకు తాను తొక్కింది. బండి గీతమీద సూటిగా ఆగింది. ఆ సంబరంలో ఇద్దరూ కిందికి దిగి చేతులు దులుపుకుంటుంటే ట్రాఫిక్ పోలీసు వచ్చాడు.

"ఏమిటిది? ఏమైంది?"

"ఏం కాలేదు సార్. కంగారు దింపుకుంటున్నాం."

పోలీసు చుట్టూ మోగుతున్న హారన్లను విన్నాడు. నుదురు తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి, "ఎలా దింపుతారండీ అది?" అని అడిగాడు.

మాస్టారు చూపించాడు. పోలీసు విజిల్ జేబులో వేసుకుని, నడిరోడ్డుమీద రెండు చేతులూ పైకెత్తి దులిపాడు. ఆగమంటున్నాడో పొమ్మంటున్నాడో తెలియక, నాలుగువైపులా బండ్లన్నీ నోరు మూసుకుని నిలబడిపోయాయి.