దేవుడి పటం ముందు ఏడు పువ్వులు

మా పెరటి వెనక మట్టిదిబ్బ మీద మోకాళ్ళూని, మొక్కల మీద పరిశోధన చేసే మేడమ్ వెతుకుతోంది. పది గంటలకు దిబ్బను చదును చేసే మిషన్ వస్తుంది. ఈలోగా ఒక్క పువ్వు దొరకాలి.

అక్కడ రెండు జాతుల మొక్కలున్నాయి. ఆకు చూస్తే కవలలే. ఒకటి ఏ రోడ్డు పక్కనైనా మొలుస్తుంది. దానికి ఏ ముప్పూ లేదు. రెండోది అంతరించిపోతున్న వాటి జాబితాలో చివరి మెట్టు మీద ఉంది. ఆమెకు తెలిసి ఇక్కడ కాక ఇంకొక్కచోటే మిగిలింది. తేడా అంతా రేకులు కలిసే పువ్వు గొంతులోనే: మామూలుదానికి తెలుపు, అరుదైనదానికి ఊదా చుక్కలు. చుక్కలు చూపిస్తే అటవీ ఆఫీసువాళ్ళు పని ఆపుతారు. ఆకు చూపిస్తే నవ్వుతారు. మూడేళ్ళుగా వస్తున్నా ఇక్కడ విచ్చిన చుక్కల పువ్వు ఒక్కటీ ఆమె కంటబడలేదు.

"నిన్న సాయంత్రం విచ్చబోయే మొగ్గలున్నాయండీ. ఇప్పుడు ఉత్త తొడిమలే! మేకలొస్తాయా?"

"మేకలైతే ఆకులు మిగిల్చేవా?" అన్నాను.

"నిజమే. గోటితో గిల్లినట్టుంది."

పదకొండేళ్ళుగా తెల్లవారగానే స్నానం చేసి కోస్తున్నది నేనే. దేవుడికని చుక్కలున్నవే ఏరి మరీ కోశాను.

కిటికీలోంచి మా ఆవిడ అంది: "చెప్పరేం? బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారు!"

అంతలో మిషన్ వచ్చేసింది. "బాబాయ్, పక్కకి జరుగు. ఆలస్యమైతే మా కాంట్రాక్టరు నా తోలు తీస్తాడు," అని అరిచాడు డ్రైవరు.

లోపలికి పరుగెత్తాను. పటం ముందు ఏడు పువ్వులు. సమర్పించినదాన్ని వెనక్కి తీసుకోవచ్చా? చెయ్యి ముందుకు పోలేదు. బయట ఇంజను గర్జిస్తోంది. స్వామీ, ఇవి నేను నీకిచ్చినవా, నీ దగ్గర దొంగిలించి నీకే పెట్టినవా?

ఒకటి తీసుకున్నాను.

మేడమ్ రేకులు విప్పింది. ఊదా చుక్కలు. పువ్వును తెగిన తొడిమకు ఆనించి ఫొటో తీసి ఆఫీసుకు పంపింది. మిషన్ తొట్టి దిబ్బ మీదికి వంగింది. ఆమె దానికి అడ్డంగా నిలబడింది. డ్రైవరు తల పట్టుకున్నాడు. చివరికి అతని ఫోనే మోగింది. విని, ఇంజను ఆపేశాడు.

"ఇక్కడ కొత్త మొక్క ఎందుకు మొలవట్లేదా అని మూడేళ్ళుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను," అంది మేడమ్. "పువ్వు నిలిస్తేనే కదండీ విత్తనం." కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

మరునాడు తెల్ల గొంతువి కోసుకొచ్చి పెట్టాను. దేవుడు ఏమీ అనలేదు. ఇన్నేళ్ళూ కూడా ఏమీ అనలేదు. అదే నాకు అర్థం కావడం లేదు.