అద్దె బండి మోసిన నింద

నేనొక అద్దె మోటార్‌సైకిల్‌ని. సొంతవాడంటూ ఎవరూ లేకుండా అందరి చేతుల్లోనూ నలిగిన బతుకు నాది. నాతో పాటు తయారైన బళ్లు పసుపు కుంకుమలు పెట్టించుకుని, నిమ్మకాయలు తొక్కి ఇళ్లకు వెళ్లాయి. నేను మాత్రం విశాఖపట్నంలో, బీచ్ రోడ్డు వెనక ఒక అద్దె దుకాణానికి చేరాను.

అద్దె బండి మీద మనుషులకు జాలి ఉండదు. సొంత బండిని గుంతలో దించడానికి ప్రాణం ఒప్పనివాడు నన్ను మెట్ల మీద నుంచి కూడా దించేవాడు. తిరిగి అప్పజెప్పేటప్పుడు, కొత్తగా పడ్డ గీతకు అడ్డంగా నిలబడి వానల గురించి మాట్లాడేవాడు.

హేమసుందర్ అలాంటివాడు కాదు. అద్దం తుడవనిదే ఎక్కేవాడు కాదు. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాడు. తండ్రి సన్యాసిరావు బస్సు కండక్టరు. బండి కొనమని కొడుకు అడిగినప్పుడల్లా, ముందు ఉద్యోగం తెచ్చుకోమనేవాడట. అందుకే ఆ కుర్రాడు ఆదివారాలు నా దగ్గరికి వచ్చేవాడు.

శ్రావణమాసంలో ఒక ఆదివారం అనంతగిరి ఘాటీ ఎక్కాం. దిగడం మొదలుపెట్టేసరికి వాన వెలిసింది. కుర్రాడికి హుషారు పుట్టి పాట అందుకున్నాడు. మలుపు దగ్గర కూడా వేగం తగ్గించలేదు. ఆఖరి క్షణంలో బ్రేకు నొక్కాడు. నేను చక్రాన్ని గట్టిగానే పట్టాను. తడి రోడ్డే మమ్మల్ని పట్టలేదు. నా హ్యాండిలు వంగింది, హెడ్‌లైటు పగిలింది. అతను మళ్లీ లేవలేదు.

పోలీసులు వదిలిపెట్టాక నన్ను దుకాణం వెనక రేకుల షెడ్డులో పడేశారు. మరమ్మతు కూడా చేయించలేదు. ఏడాది తిరిగాక యజమాని పాత బళ్లన్నీ అమ్మకానికి పెట్టాడు. అద్దె బండి కొనడమంటే ఊరందరూ తిన్న కంచంలో తినడమేనని వచ్చినవాళ్లు పెదవి విరిచారు. నావైపు ఎవరూ తొంగి చూడలేదు.

సన్యాసిరావు ఒక్కడే నేరుగా నా దగ్గరికి వచ్చాడు. యజమాని కంగారుపడి వేరే బండి చూపిస్తానన్నాడు. వెంట వచ్చిన బావమరిది పైడిరాజు మెకానిక్కు. ఇది ఇక తిన్నగా నడవదు, వద్దని అతనూ నచ్చజెప్పాడు.

"నడపడానికి కాదురా," అన్నాడు సన్యాసిరావు. "గుంటడు జోరుగా తోలి పడిపోనాడని ఊరంతా అంటన్నారు. మీ అప్ప అందరితోటీ తగువులాడతంది. బ్రేకు పోయిందో లేదో సూసి సెప్పు. అది తెలీక మాకు ముద్ద దిగట్లేదు."

నన్ను కొని పైడిరాజు షెడ్డుకు తీసుకెళ్లారు. పైడిరాజు నా బ్రేకులు విప్పాడు. తుడిచి చూశాడు, మళ్లీ చూశాడు. బ్రేకు చెడి ఉండాలని ఒక మెకానిక్కు అంతగా కోరుకోవడం నేనెన్నడూ చూడలేదు.

"బ్రేకు బాగానే ఉంది బావా," అన్నాడు చివరికి, తల ఎత్తకుండా.

సన్యాసిరావు నా చక్రం పట్టుకుని అలాగే కూలబడిపోయాడు. నేను దోషినని తేలితే అతనికి ఎంత ఊరటగా ఉండేదో అప్పుడు తెలిసింది.

సాయంత్రం అతని భార్య నూకరత్నం ఉండబట్టలేక తనే వచ్చింది. గుమ్మంలో నిలబడి మొగుడి ముఖంలోకి చూసింది.

"బ్రేకులు లేవే," అన్నాడు సన్యాసిరావు. "మనోడి తప్పేటీ లేదు."

పైడిరాజు ఇటు తిరిగి, లేని పనేదో వెతుక్కున్నాడు. ఆమె నా దగ్గరికి వచ్చి పెట్రోలు ట్యాంకు మీద అరచేత్తో కొట్టింది. నోరారా శాపనార్థాలు పెట్టింది. తరవాత ఆ ట్యాంకు మీదే తల వాల్చి, ఏడాదిగా లోపల దాచుకున్నదంతా ఏడ్చింది. అతను పక్కన నిలబడి ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాడు.

ఇప్పుడు గాజువాకలో ఒక పాత ఇనుము కొట్టులో ఉన్నాను. ఇవాళో రేపో కరిగిస్తారు. మీకు చెప్పాను గాని, ఈ సంగతి నూకరత్నం చెవిన పడనివ్వకండి.